ప్రూఫు కాగితం వెనకవైపు

మొన్న మా వీధి చివర ఉన్న బడికి నన్ను పిలిచారు. సాయంత్రం పూట ఒక్కొక్క పిల్ల పక్కన ఒక్కొక్కరు కూర్చుని పుస్తకం చదివించడానికి సిద్దిపేటలో కొంతమంది ముందుకొచ్చారట. పింఛను తీసుకునేవాళ్లు, కుట్టుమిషను మీద బతికే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. వాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. హెడ్మాస్టరు నాకు శాలువా కప్పి, మైకు అందుకుని, "ఉద్యమం రోజులల్ల బడులు బందైతే, లాఠీల నడుమ నలభైమంది పిల్లలకు చదువు నేర్పిన పెద్దమనిషి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకుని ఇంకాసేపు కొట్టారు. ఆ నలభై ఎక్కడ పుట్టిందో నాకొక్కడికే తెలుసు. మొదట్లో నేను నలుగురు పిల్లలని చెప్పేవాణ్ని. పాత బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో నలుగురు పదిమంది అయ్యారు. ఒక పెళ్లి భోజనాల్లో ఇరవై దాటారు. ఆ తర్వాత నేను పెంచాల్సిన అవసరం లేకపోయింది, వినేవాళ్లే పెంచుకున్నారు. ఉన్నది ఒకే ఒక్క పిల్ల. లాఠీల సంగతి ముందుముందు చెప్తాను, ఇప్పుడే చెబితే శాలువా వెనక్కి అడుగుతారు.

సభ అయిపోయాక, చేతిసంచిలోంచి కొలత టేపు వేలాడుతున్న ఒక దర్జీ ఆమె నా దగ్గరికి వచ్చింది. "తాతా, నాకిచ్చిన పిల్ల పుస్తకం తెరువంగనె వణుకుతది. ఏం జెయ్యాలె?" అంది. మైకు ముందు అరగంట ఏకధాటిగా మాట్లాడినవాణ్ని, రేపు చెప్తానమ్మా అని తప్పించుకున్నాను. ఆమెకు చెప్పాల్సింది ఏమిటో తేల్చుకుందామని ఈ కాగితాలు ముందేసుకున్నాను. రాస్తుంటే నా పాత అలవాటు ఊరుకోదు. ఎక్కడైనా నేను మరీ ఎత్తుగా కనిపిస్తే కాస్త ఓపిక పట్టండి, రెండు వాక్యాల తర్వాత నేనే కిందికి దిగుతాను.

నేను మా అక్క మొగుడి ప్రెస్సులో ముప్పై ఏళ్లకు పైగా కంపోజిటరుని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి ఇనుప పట్టీలో పేర్చే పని. ఆ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, పైగా వాటిని మేం తలకిందులుగా పట్టుకుని చదువుతాం. అందుకే ఇప్పటికీ ఎదుటివాడి చేతిలోని పేపరును నేను ఇటువైపు నుంచే చదివేస్తాను. కంప్యూటర్లు వచ్చాక నా పని బిల్లు పుస్తకాలకు, ప్రూఫులు దిద్దడానికి దిగిపోయింది. చెవి మీద ఎర్ర పెన్సిలు, ముక్కు మీద కళ్లద్దాలు. ఈ చుట్టుపక్కల నేను తప్పులు దిద్దని పెళ్లిపత్రిక లేదని గొప్పగా చెప్పుకుంటాను. ఒక పత్రికలో మాత్రం పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట పెళ్లికొడుకు తల్లి పేరు పడింది. దాన్ని దిద్దింది కూడా నేనే.

మా బావ దగ్గర ఒక పద్ధతి ఉండేది. కాగితం వృథా కాకూడదు. అచ్చు చెడిపోయిన కాగితాల వెనకవైపు తెల్లగా ఉంటే, ఆ తర్వాతి పని ప్రూఫు దాని మీదే తీయాలి. ఒకవైపు ఎరువుల దుకాణం బిల్లు, రెండో వైపు చిన్నకర్మ పత్రిక. ఒకవైపు బడి ప్రశ్నపత్రం, రెండో వైపు శుభలేఖ. అన్ని ప్రెస్సుల్లోనూ జరిగేదే అది. ఈ పద్ధతి వల్లే నా జీవితంలో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడ్డ వారం ఒకటి వచ్చింది.

వానాకాలం పోతూ ఉండగా సమ్మె మొదలైంది. బస్సులు డిపోలోంచి కదల్లేదు. ఆఫీసులకు, బడులకు తాళాలు. బొగ్గుగనులు కూడా ఆగిపోవడంతో కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చి పోయేది. ప్రత్యేక రాష్ట్రం రావాలని నాకూ ఉంది, అందులో ఎవరికీ అనుమానం వద్దు. కానీ భయం అనేది మన అభిప్రాయాన్ని అడిగి రాదు. ఊళ్లో దానికొక చప్పుడు ఉండేది. బజారు ఆ చివర ఎవరో ఒకరు గబుక్కున షటరు దించేవారు. పక్కవాడు దించేవాడు. వాన దగ్గరపడుతున్నట్టు ఆ ఇనుప మోత మా ప్రెస్సు దాకా వచ్చేది. ఎందుకు దించుతున్నారో ఎవరికీ తెలియదు. జీపు వచ్చిందా, ఊరేగింపు వచ్చిందా, లాఠీలు లేచాయా. నేను మాత్రం కారణం అడక్కుండానే మా షటరు దించేసేవాణ్ని. దీక్షా శిబిరంలో ముందు వరసలో కూర్చున్నానని నేను చాలామందికి చెప్పాను. కూర్చున్నాను కూడా, ఒక పూట. జీపు వచ్చి ఆగగానే దాహమని లేచాను. నిరాహార దీక్షలో మంచినీళ్లకు అడ్డేమీ లేదు, కుండ నా పక్కనే ఉంది. నేను మాత్రం నీళ్ల కోసం ఇంటిదాకా వెళ్లాను.

శిబిరంలో కూర్చోవడానికి ప్రెస్సులవాళ్ల వంతు మళ్లీ వస్తుందని నేను గుబులు పడుతుండగా ఒక టీచరమ్మ వచ్చింది. సమ్మెలో ఉంది, రోజూ శిబిరంలో కూర్చునేది. అయినా మధ్యాహ్నాలు ఇంటింటికీ తిరిగి, చదవడం వచ్చిన పెద్దవాళ్లను పట్టుకుంటోంది.

"బడి తెరిసేదాంక పిల్లలు అచ్చరాలు మర్చిపోతరు కాకా. ఒక్కరికి ఒక్కరు. దినాం ఒక గంట. పుస్తకం పిల్ల చేతులనే ఉండాలె. తప్పు చదివితే ఎంటనె దిద్దొద్దు. మనసుల మూడు లెక్కవెట్టుర్రి, అప్పటికీ ఆగితె అప్పుడు అందియ్యుర్రి."

"మేడం, నేను తప్పులు దిద్దుకుంట బతికినోన్ని. నోరు మూసుకొని ఎట్ల కూసోవాలె?"

"గందుకే మీకు కష్టమైన పిల్లను ఇస్తున్న," అంది.

ఉద్యమం మీద ప్రేమతో, పసిపిల్లల మీద మమకారంతో ఒప్పుకున్నానని నిన్నటిదాకా చెప్పాను. ఆ గంట సరిగ్గా ప్రెస్సులవాళ్లు శిబిరానికి వెళ్లే గంట. పిల్లకు చదువు చెప్పాలి కదా అంటే నన్ను ఎవరూ రమ్మనలేరు. మా బావకు ఇది వెంటనే అర్థమైంది. "ఓహో, పిల్లల మీద గింత పావురం ఎప్పటిసంది రా నీకు?" అన్నాడు. నేను వినబడనట్టు కళ్లద్దాలు తుడుచుకున్నాను.

ఆ పిల్ల ఐదో తరగతి. పాత బస్టాండు వెనక సందులో ఉండే ముస్లింల అమ్మాయి. తండ్రి పని వెతుక్కుంటూ ఎటో పోయాడు, తల్లి లేదు. బీడీలు చుట్టే అమ్మమ్మ పెంచుతోంది. పిల్ల ఆమెను నానీ అనేది. ఊళ్లో అందరికీ కూడా ఆమె నానీయే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో పుస్తకం తెలుగు. బడి తెరిచేసరికి పిల్లకు చదవడం రాకపోతే బీడీల చాట ముందు కూర్చోబెడతానని నానీ టీచరమ్మకు చెప్పేసింది. బెదిరింపుగా కూడా చెప్పలేదు, రేపు ఇంట్లో కూర ఏమిటో చెప్పినట్టు చెప్పిందట. అంచేత పిల్లకు ఉన్నది సమ్మె ఎన్నాళ్లుంటే అన్నాళ్లే.

ప్రెస్సు వెనక వసారాలో, కాగితం కట్టల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ముందు షటరు సగం దించి ఉండేది. సిరా వాసన, అక్షరాలు కడిగే కిరసనాయిలు వాసన. మొదటిరోజు తెలుగు వాచకం తెరిచి ఒక పాఠం గడగడా చదివింది. నాకు ఆశ్చర్యం వేసింది, దీనికి నేనెందుకు అనుకున్నాను. అప్పుడు ఆమె వేలు చూశాను. నోరు మూడో వాక్యంలో ఉంది, వేలు మొదటి వాక్యంలోనే ఉంది. ఇంకెవరైనా పక్కన కూర్చుంటే గొంతు విని మోసపోయేవారు. ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదివేవాణ్ని కాబట్టి దొరికిపోయింది. పాఠం మొత్తం కంఠతా వచ్చు. అక్షరాలు మాత్రం దాదాపు రావు. రెండో తరగతిలో ఎప్పుడో ఒక పదం తప్పు చదివితే క్లాసంతా నవ్విందట. అప్పట్నుంచీ పక్కపిల్లలు చదివేది చెవులతో పట్టుకుని, తన వంతు వస్తే వేలు ఆడిస్తూ అప్పజెప్పేది. కొత్త పాఠమైతే మూగదైపోయేది. ఆ మోసాన్ని అన్నేళ్లు నెట్టుకురావడానికి ఎంత భయం కావాలో నాకు తెలిసినంతగా టీచరమ్మకు కూడా తెలిసి ఉండదు. భయం దాచుకోవడంలో నేనూ పాత కాపునే.

మర్నాడు వాచకం పక్కన పెట్టించి, చిత్తు కాగితాల కట్ట ముందు పెట్టాను. ఎవరూ అప్పజెప్పలేని సాహిత్యం మా ప్రెస్సులో బోలెడు. ఒక శుభలేఖ తీసుకుంది. వేలు మొదటి అక్షరం మీద పెట్టి ఆగిపోయింది. వేలికి చెమట పట్టి, కింద సిరా అలుక్కుపోయింది. ఊపిరి కూడా వినిపించలేదు. నా చెయ్యి అలవాటు కొద్దీ చెవి మీది పెన్సిలు మీదికి వెళ్లింది. పిల్ల కళ్లు ఆ పెన్సిలు వెంటే వెళ్లాయి, దెబ్బ ఎప్పుడు పడుతుందా అన్నట్టు. దాన్ని తీసి కిటికీలోంచి బయటికి విసిరేశానని అందరికీ చెప్పాను. విసరలేదు, జేబులో పెట్టుకున్నాను. మంచి పెన్సిలు. కానీ ఆ గంట మాత్రం మళ్లీ బయటికి తీయలేదు. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఎంత కష్టమంటే, తప్పు అక్షరం కళ్లముందు నిలబడి వెక్కిరిస్తుంటే నా అరచేతులు దురద పెట్టేవి. మూడు కాదు, ఒక్కోసారి ముప్పై అయ్యేది. అప్పుడు నెమ్మదిగా ఒక అక్షరం బయటికి వచ్చేది. దాని వెనక ఇంకొకటి. నారాయణరావుపేట వరుడు, ధూళిమిట్ట వధువు, పెద్దమ్మలు, చిన్నాయనలు, బంధుమిత్రుల అభినందనలతో సహా పూర్తిచేయడానికి రెండు రోజులు పట్టింది. అయిపోయాక, "తాతా, గీ పెండ్లి అయిపోయిందా?" అని అడిగింది. ఎప్పుడో అయింది, అది చిత్తు కాగితం అన్నాను. "అరే, మనం లేటైనం," అంది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

అక్కణ్ణుంచి రోజూ ఒక కాగితం ఇంటికి పట్టుకెళ్లడం మొదలుపెట్టింది. నానీకి, ఆమెతో కూర్చుని బీడీలు చుట్టే ఇద్దరు ఆడవాళ్లకు చదివి వినిపించేదట. మొదట నానీ చేతులు ఆపకుండా వినేదట. తర్వాత తర్వాత, "ఆ పెండ్లిల ఇంకెవరెవరు వచ్చిన్రు?" అని అడిగేదట. నా ముందు మాత్రం పిల్ల గొంతు ఇంకా గుసగుసలాగే ఉండేది. షటర్ల మోత వినిపిస్తే ఇద్దరం ఒకేసారి ఆగేవాళ్లం. ఆమెకు ధైర్యం చెప్పేవాణ్ని అని రాయాలనుంది. చెప్పలేదు. షటరు పూర్తిగా దించేసి, చీకట్లో కూర్చుని, జీపు పోయిందని ఆమె చెబితే మళ్లీ ఎత్తేవాణ్ని.

ఇంతలో ఠాణా నుంచి ప్రెస్సుల వాళ్లందరికీ కబురు వచ్చింది. ఏ కరపత్రమైనా ముందు తమకు చూపాలి, అడుగున ప్రెస్సు పేరు లేకుండా కాగితం బయటికి వస్తే ప్రెస్సుకు తాళం, మనుషులకు జైలు. ఆ తర్వాత మూడు రోజులకే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు వచ్చి, పేరు లేకుండా ఒక కరపత్రం కావాలన్నారు. వచ్చే వారం రహదారులన్నీ ఆపాలని పిలుపు. మా బావ సరే అన్నాడు. కరెంటు లేదు, కంప్యూటరు లేదు. చేత్తో పేర్చాల్సిందే. మధ్యాహ్నం షటరు వేసి, నేనే పేర్చాను. తొందరలో ఒక వరస మొత్తం కింద పోశాను. నాలుగు ప్రూఫులు తీశాం, చేతికి అందిన చిత్తు కాగితాల వెనక. తప్పులు దిద్దాక ఆ నాలుగూ కాల్చేయమని బావ నాకు చెప్పాడు.

రెండు రోజుల తర్వాత తెల్లారేసరికి ఊరంతా గోడల మీద ఆ కరపత్రాలు. పోలీసులు సందు సందూ తిరుగుతున్నారు. బావ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నాలుగు కాలవెట్టినవా రా?"

"కాలవెట్టిన బావా."

"నాలుగూ?"

"నాలుగూ."

కాల్చింది మూడు. నాలుగోది ఆ రోజు కనిపించలేదు, ఎలుకలు లాక్కెళ్లి ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. బావ వెళ్లాక చిత్తు కట్ట తిరగేశాను. ప్రూఫులకు మేం వాడినవి ధూళిమిట్ట పెళ్లి కాగితాలు. ముందురోజు పిల్ల, నానీకి ఆ పెళ్లి మళ్లీ వినాలనుందట అని, అందులోంచే ఒకటి అడిగి పట్టుకెళ్లింది. వసారా మసక వెలుతురులో నేనే తీసిచ్చాను. వెనక్కి తిప్పి చూడలేదు. ఆ కాగితం ఒకవైపు, పేరు లేని కరపత్రం. రెండో వైపు శుభలేఖ, దాని అడుగున చిన్న అక్షరాలతో మా ప్రెస్సు పేరు, ఊరు.

ఆ సందులోకి ఎలా వెళ్లానో గుర్తులేదు. మలుపు తిరగ్గానే ముందు గొంతు వినిపించింది. ఎవరిదో గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది, ఎందుకంటే ఆ గొంతును ఆ ఎత్తులో నేను ఎన్నడూ వినలేదు. రేకుల కింద నానీ, మిగతా ఇద్దరు ఆడవాళ్లు చాటల ముందు కూర్చున్నారు. పిల్ల నిలబడి, కాగితం రెండు చేతులతో పట్టుకుని చదువుతోంది. శుభలేఖ వైపు కాదు. నేను పేర్చిన మాటలు ఒక్కొక్కటే నాకు వినిపిస్తున్నాయి. ఆ ఇంటి గోడకు ఇవతల, వాళ్లకు కనిపించకుండా, ఇద్దరు పోలీసులు నిలబడి వింటున్నారు. ఒకడు కుర్రవాడు, ఒకాయన మీసాలు నెరిసిన జమేదారు. నేను ఎదురింటి ముందున్న నీళ్ల డ్రమ్ము వెనక్కి తప్పుకున్నాను.

పిల్ల 'దిగ్బంధనం' అనే మాట దగ్గరికి వచ్చింది. అలాంటి ఒత్తుల దగ్గర ఆమె ప్రతిసారీ ఆగిపోయేది. ఆగింది. నేను లెక్కపెట్టాను. అన్ని రోజులూ ఆమె చదవాలని లెక్కపెట్టాను. ఆ రోజు ఆమె అక్కడే ఆగిపోవాలని, గొంతు ఎండిపోవాలని, కాగితం మడిచేయాలని లెక్కపెట్టాను. నా దగ్గర చదువు నేర్చుకున్న ఒకే ఒక్క పిల్ల చదవలేకపోవాలని నేను దేవుడికి మొక్కుకున్నాను. ఇన్నేళ్లలో ఇది ఎవరికీ చెప్పలేదు. మూడు దాటింది. పిల్ల ఊపిరి పీల్చుకుని, ఆ మాటను ముక్కలు చేసి, మళ్లీ అతికి, పూర్తిగా చదివేసింది. చదివి, పూర్తి చేసినందుకు తనే ముచ్చటపడి, ఇంకా గట్టిగా ముందుకు పోయింది.

పోలీసులు లోపలికి అడుగుపెట్టారు. బీడీలు చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి.

"మంచిగ చదివినవ్ బిడ్డా," అన్నాడు జమేదారు. "గీ కాగితం ఎవరిచ్చిన్రు?"

పిల్ల తల తిప్పింది. డ్రమ్ము వెనక నేను కనిపించాను. మొహం వెలిగింది. విన్నావా తాతా, చదివేశాను అన్నట్టు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. చాలా కొద్దిగా. ఆపై మొహం గోడవైపు తిప్పుకున్నాను. అంతకన్నా పెద్ద పని నేనేమీ చేయలేదు.

"అడుగుతున్న గద. ఇందాక గలగల చదివినవ్, ఇప్పుడు నోరు వడిపోయిందా?" కుర్ర పోలీసు గొంతు అది.

జవాబు లేదు. ఇంకోసారి అడిగారు. జవాబు లేదు. గోడవైపు నిలబడ్డ నాకు ఆ నిశ్శబ్దం ఏదో తెలుసు. మొదటి శుభలేఖ ముందు విన్నాను దాన్ని. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. జమేదారు శుభలేఖ వైపు చదువుతున్నట్టున్నాడు, అడుగు దాకా. తర్వాత దాన్ని మడిచిన చప్పుడు. "పోదాం పా," అన్నాడు. బూట్లు నా వెనక నుంచి వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రమే మా ఇంటామెతో చెప్పాను, జమేదారును నడి సందులో నిలదీశానని, పసిపిల్లను అడుగుతావా, నన్నడుగు అన్నానని. ఆమె చివరిదాకా వింది. "మంచిదే. మరి అంగి గింత ఎట్ల తడిసింది?" అంది. జ్వరం అని పడుకున్నాను. రెండు రోజులు లేవలేదు. వీధిలో ప్రతి మోటారు చప్పుడూ మా గుమ్మం ముందే ఆగుతున్నట్టుండేది. శుభలేఖ అడుగున మా ప్రెస్సు పేరు ఉంది, జమేదారుకు కళ్లున్నాయి. వాళ్లు ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనా ఈ నేల మనిషే అయి ఉండొచ్చు. లేదా ఆయన కూడా ఏదో ఒక డ్రమ్ము వెనకే ఉండి ఉండొచ్చు.

మూడో రోజు టీచరమ్మ వచ్చింది. "పోలీసులు అచ్చిపోయినసంది పిల్ల నోరు తెరుస్తలేదట కాకా. నానీ చాట ముందు కూసోవెట్టింది. బడికి ఇగ పంపదట. జర మీరు పోయి చెప్పుర్రి. లేకుంటె నేనే పోత, ఆ కాగితం ఎవరిచ్చిన్రో అడుగుత." చివరి మాటతో నాకు జ్వరం దిగింది. పశ్చాత్తాపంతో వెళ్లానని రాసుకుంటే బాగుంటుంది. టీచరమ్మ నాకన్నా ముందు వెళ్తుందేమోనన్న భయంతో వెళ్లాను. దారిలో సందు మొదట్లో పోలీసు కుర్చీ ఒకటి వేసి ఉంది, కుర్చీలో మనిషి కూడా ఉన్నాడు. అతన్ని దాటేదాకా నా చెప్పులే చూసుకుంటూ నడిచాను.

తడి గోనెపట్టా మీద కత్తిరించిన తునికాకులు, పొగాకు ఘాటు. పిల్ల చాట ముందు తల వంచుకుని ఉంది. నన్ను చూసి తల ఎత్తలేదు.

"కూసో భాయ్," అంది నానీ. "చదువు మా ఇంటికి పోలీసులను తెచ్చింది. మాకొద్దు. బీడీ చుడితే ఎవ్వలు అడగరు."

"చదువు తేలేదు నానీ. నేను తెచ్చిన. కాగితం వెనక ఏమున్నదో సూడకుంట ఇచ్చిన. తప్పు నాది."

"మరి ఆ దినం ఎందుకు చెప్పలే?"

రావాల్సిన అబద్ధం ఒక్కటీ సమయానికి రాలేదు. "భయమైంది," అన్నాను.

నానీ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇంత పెద్దమనిషికా," అంది. అందులో వెటకారం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

పిల్ల వేళ్లు ఆగాయి. మూడు రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడింది, చాటతో మాట్లాడుతున్నట్టు. "నువ్వు డ్రమ్ము ఎన్కాల ఉంటివి తాతా. నేను సూశిన."

"ఉంటి."

"నేను చదువుడు మంచిగ లేదేమో అనుకున్న. గందుకే మొకం తిప్పినవ్ అనుకున్న."

పోలీసుల వల్ల మూగదైందని ఊరంతా అనుకుంటోంది. టీచరమ్మ అనుకుంది, నానీ అనుకుంది, నేనూ హాయిగా అదే అనుకున్నాను. ఆమెకు పోలీసులు లెక్కలోనే లేరు. అంత గట్టిగా చదివాక ఒక్కగానొక్క మనిషి వైపు చూస్తే, ఆ మనిషి గోడవైపు తిరిగాడు. రెండో తరగతిలో నవ్విన క్లాసు మళ్లీ ఒక్కసారి నవ్వింది.

"మంచిగ చదివినవ్," అన్నాను. "దిగ్బంధనం గూడ చదివినవ్. అంత మంచిగ చదువుతవని నేను అనుకోలే. నువ్వు ఆగిపోతె మంచిగుండు అని మొక్కిన. నా పానం కోసం."

ఇది విని పిల్ల తల ఎత్తింది. "చదువంగ నాకు భయం కాలె తాతా," అంది. "అయిపోయినంక అయింది."

నానీ ఒక బీడీ చుట్టి, దారం కట్టి, పక్కన పెట్టింది. ఆపై తీర్పు చెప్పింది. "ఒక గంట. కానీ మీ ప్రెస్సుల కాదు. గీడనే. నా ముంగట. అందరు సూసెటట్టు."

వెనక వసారాలో సగం దించిన షటరు చాటున పిల్లను చదివించడం వేరు, పోలీసు కుర్చీకి నలభై అడుగుల దూరంలో గుమ్మం తెరిచి కూర్చోవడం వేరు. మర్నాడు వెళ్లకుండా ఉండటానికి కారణాలు వెతికాను. దొరికాయి కూడా. అయినా పదకొండు గంటలకు అక్కడ ఉన్నాను, ఎందుకో నాకు తెలియదు. పిల్ల ఎదురుగా కూర్చుంది, కాగితం ఆమె చేతిలో. మళ్లీ గుసగుసతోనే మొదలైంది. బయట బూట్ల చప్పుడు అయితే నాకు వరస తప్పిపోయేది, ఎక్కడున్నామో కనిపించేది కాదు. అప్పుడామె చదవడం ఆపి, వేలు అక్కడే ఉంచి, నా కళ్లు తిరిగి వచ్చేదాకా ఉండేది. ఆ తర్వాత చదివేది.

నాలుగో రోజో ఐదో రోజో, గుమ్మంలో నీడ పడింది. అదే జమేదారు. ఒక్కడే ఉన్నాడు. నానీ చేతులు ఆగాయి. పిల్ల చదువుతున్న వాక్యం మధ్యలో తెగిపోయింది. వేలు కింద కాగితం తడవడం నాకు ఇటువైపు నుంచి కనిపించింది. నా పక్కన నీళ్ల బిందె ఉంది, దాహం కూడా వేసింది. నేను లేవలేదు. ఆయన కళ్లలోకి సూటిగా చూశానని రాయబోయాను. చూడలేదు, చూపు కాగితం మీదే పెట్టుకున్నాను, కానీ లేవలేదు, మొహం తిప్పలేదు. పిల్ల నన్ను చూసింది. నేను ఇంకా ఎదురుగానే ఉన్నానా అని చూసింది. ఉన్నాను. తెగిన వాక్యాన్ని మొదట్నుంచి ఎత్తుకుంది. ఒక మాట తప్పింది, తనే వెనక్కి వెళ్లి దిద్దుకుంది. జమేదారు ఆ పేజీ అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు టోపీ సరిచేసుకుని, బూట్ల చప్పుడు కాకుండా నడిచి వెళ్లాడు.

సమ్మె ముగిసి, బడి తెరిచిన మొదటిరోజు నేను బడి గోడ పక్కన నిలబడ్డాను. పని ఉండి కాదు. తరగతి గదుల్లోంచి అందరు పిల్లల గొంతులూ కలిసి వస్తున్నాయి, ఆమెది ఏదో పట్టుకోలేకపోయాను. గంట కొట్టాక బయటికి వచ్చింది, నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"చదివిచ్చిన్రా?"

"చదివిచ్చిన్రు. కొత్త పాఠం."

"ఆగినవా?"

"రెండు జాగలల్ల ఆగిన," అంది. "అందరు సూశిన్రు. మల్ల పోయిన."

అని, నాకు చెప్పాల్సింది అంతే అన్నట్టు, పిల్లల్లో కలిసిపోయింది. ఇప్పుడు నాకు ఆమె మొహం కూడా సరిగ్గా గుర్తు రావడం లేదు, వేలు గుర్తుంది, దాని కింద తడిసిన కాగితం గుర్తుంది. దర్జీ ఆమెకు రేపు ఇదే చెప్తాను. ఆగినచోటు నుంచి మళ్లీ పోవడానికి ఒక మనిషికి పట్టేది ఎంతో సేపు కాదు. ఆ కాసేపు ఎవరో ఒకరు లేచి వెళ్లకుండా ఎదురుగా కూర్చుంటే చాలు, ఆగిన గొంతు తన దారిన తాను పోతుంది.